ఫోన్‌కి ఏడేళ్ళ అప్‌డేట్లు అడుగుతున్నాం, మరి సర్వర్‌కి? ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో మారాల్సినవి ఇవే

అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేవాళ్ళు ఇదివరకు రెండే అడిగేవాళ్ళు: డిస్‌ప్లే ఒరిజినలేనా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది. ఈమధ్య మూడోది కూడా వినిపిస్తోంది: "దీనికి అప్‌డేట్లు ఇంకెన్నేళ్ళు వస్తయ్ భాయ్?" మంచి ప్రశ్నే. 2023 అక్టోబర్‌లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని చెప్పాక, ఆ లెక్క చూడకుండా ఫోన్ కొనడం మానేశాం.

సరే, మరి మీ షాపులో బిల్లింగ్ సర్వర్‌కి? మీ కాలేజీ ల్యాబ్‌లో మెషీన్లకి? మీ డాక్టర్ గారి క్లినిక్‌లో రికార్డులు దాచే కంప్యూటర్‌కి? వాటి ఓఎస్‌కి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో ఎవరైనా అడిగారా? నేను ఒకసారి అడిగాను. 2029 దాకా అని జవాబొచ్చింది. తొమ్మిది వారాలు తిరక్కుండానే ఆ జవాబు మారిపోయింది. ఈ ఆర్టికల్ ఆ కోపంలోంచే వచ్చింది కాబట్టి ముందు ఆ కథ చెప్తా.

మెట్ల కింద సర్వర్

నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి దగ్గర్లో మా మామయ్యకి చిన్న హోల్‌సేల్ స్టేషనరీ షాపు ఉంది. ముందు మూడు కౌంటర్లు, వెనక గోడౌన్, మెట్ల కింద ఒక అసెంబుల్డ్ కంప్యూటర్. అదే ఆయన సర్వర్. పెంటియం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, రెండు హార్డ్ డిస్కులు, ఒక యూపీఎస్. అంతే. 2020 వరకు దాంట్లో లైసెన్స్ లేని విండోస్ ఉండేది. పెన్‌డ్రైవ్‌లో వైరస్ వచ్చి ఒకసారి నెలరోజుల స్టాక్ లెక్కలు పోయాయి.

అదే ఏడాది నా బీటెక్ అయిపోయింది. లాక్‌డౌన్‌లో జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఖాళీగా ఉన్నా. ఫైనలియర్ ప్రాజెక్టుకి రాసిన బిల్లింగ్ అప్లికేషన్‌నే కొంచెం సాగదీసి, అక్టోబర్‌లో ఆ మెషీన్ మీద సెంటోస్ 8 ఎక్కించి ఇచ్చా. "మళ్ళ ఎన్నడు మార్చాలె దీన్ని?" అని అడిగాడు మామయ్య. "2029 దాకా చూడక్కర్లేదు మామా" అన్నా, కాస్త గర్వంగానే.

2020 డిసెంబర్ 8న ప్రకటన వచ్చింది. సెంటోస్ 8కి సపోర్ట్ 2029 దాకా కాదు, 2021 డిసెంబర్ 31తోనే అయిపోతుందని. విషయం మామయ్యకి చెప్తే ఆయన తిట్టలేదు. "తొమ్మిదేండ్లంటివి గదా అల్లుడా, తొమ్మిది వారాలు గూడ కాలే" అని నవ్వాడు. తిట్టినా బాగుండేది.

అసలు ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అంటే ఏంటి?

తెలిసినవాళ్ళు ఈ భాగం దాటేయొచ్చు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అనేది కంపెనీలు డబ్బు కట్టి వాడే లినక్స్. ఒక వెర్షన్ వచ్చిందంటే పదేళ్ళు సపోర్ట్ ఉంటుంది. ఆ పదేళ్ళూ లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్లు పెద్దగా మారవు, సెక్యూరిటీ రిపేర్లు మాత్రం వస్తుంటాయి. దాని సోర్స్ కోడ్ తీసుకుని, పేరు, లోగో తీసేసి, ఉచితంగా ఇచ్చేదే సెంటోస్. 2004 నుంచి ఉంది. కాలేజీ ల్యాబులు, చిన్న హోస్టింగ్ కంపెనీలు, అమీర్‌పేట్ కోచింగ్ సెంటర్లు, మా మామయ్య లాంటివాళ్ళు... అందరూ దాని మీదే బతికారు.

2014లో సెంటోస్ ప్రాజెక్టును రెడ్ హ్యాటే తన గొడుగు కిందికి తెచ్చుకుంది. 2019లో రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు కొంది. మరుసటి ఏడాది చివర్లో పైన చెప్పిన ప్రకటన. దాని బదులు సెంటోస్ స్ట్రీమ్ వాడుకోండి అన్నారు. అది రెడ్ హ్యాట్ తర్వాతి చిన్న వెర్షన్‌లోకి రాబోయే మార్పులు ముందుగా దిగే చోటు. డెవలపర్‌గా నాకు అది పనికొస్తుంది. రోజంతా బిల్లులు కొట్టే షాపుకి "రాబోయేవి ముందుగా" ఎందుకు?

ఇంకో విచిత్రం చూడండి. పాత సెంటోస్ 7 మీదే ఉండిపోయిన వాళ్ళకి 2024 జూన్ 30 దాకా సపోర్ట్ వచ్చింది. చెప్పిన మాట విని కొత్త వెర్షన్‌కి మారిన వాళ్ళకే ముందు పోయింది.

పాతగా ఉండటం తప్పా? కాదు

లోపాలు చెప్పేముందు ఒక న్యాయం చెప్పాలి. "ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో అన్నీ పాత వెర్షన్లే" అని మా ఫ్రెండ్స్ వెక్కిరిస్తుంటారు. నేను ఒప్పుకోను. 2024 మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో ఎవరో కావాలని దాచిన దొంగదారి బయటపడింది గుర్తుందా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, లాగిన్ అర సెకండు ఆలస్యం అవుతోందేంటని వెతికి పట్టుకున్నాడు. అప్పటికి ఆ కోడ్ ఫెడోరా, డెబియన్ ప్రయోగాత్మక వెర్షన్లలోకి వెళ్ళిపోయింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్‌లోకి రాలేదు. ఎందుకంటే అక్కడ ఉన్నది పాత ఎక్స్‌జెడ్. ఆ రోజు నెమ్మదే కాపాడింది.

కాబట్టి నా గొడవ పాతదనం గురించి కాదు. నా గొడవ ఒక్కటే: ఈ ఓఎస్ అమ్మేది నమ్మకం. ఆ నమ్మకం నిలబడటానికి కావాల్సిన సమాచారం మాత్రం మామూలు మనిషికి అందదు. కింద చెప్పేవన్నీ ఒకటొకటిగా అక్కడికే వస్తాయి.

1. చచ్చిపోయిన సంగతి కూడా చెప్పదు

2024 జూలైలో మా ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. అబిడ్స్‌లో వాళ్ళ ఆఫీసు సెంటోస్ 7 మెషీన్‌లో అప్‌డేట్ కొడితే "హోస్ట్ దొరకలేదు" అని ఎర్రర్ వస్తోందట. ఇంటర్నెట్ పోయిందనుకుని రౌటర్ రీస్టార్ట్ చేశారు, డీఎన్ఎస్ మార్చారు, కేబుల్ కూడా మార్చారు. అసలు కారణం ఏంటంటే, సెంటోస్ 7 గడువు అయిపోయాక మిర్రర్ల జాబితా ఇచ్చే సర్వర్ అడ్రస్‌నే తీసేశారు. ఓఎస్ మాత్రం "నాకు సపోర్ట్ అయిపోయింది, కొత్తదానికి మారండి" అని ఒక్క ముక్క చెప్పలేదు. నెట్‌వర్క్ ఎర్రర్ చూపించి ఊరుకుంది.

ఇది చిన్న విషయం కాదు. అప్‌డేట్లు రావట్లేదని తెలియని మెషీన్, తాళం పాడైందని తెలియని షాపు ఒకటే. కొత్త రాకీ, ఆల్మా వెర్షన్లలో సపోర్ట్ ముగిసే తేదీ ఒక చిన్న సిస్టమ్ ఫైల్‌లో రాసి ఉంటుంది. అంటే తేదీ మెషీన్‌కి తెలుసు. లాగిన్ అయిన ప్రతిసారీ ఒక లైన్‌లో "ఇంకా ఇన్ని నెలలు" అని చూపించడానికి ఏం ఖర్చవుతుంది?

2. వెర్షన్ నంబర్ ఒకటి, లోపల ఉన్నది ఒకటి

ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో సెక్యూరిటీ లోపం దొరికితే కొత్త వెర్షన్ ఇవ్వరు. ఉన్న పాత వెర్షన్‌కే రిపేరు అతికిస్తారు. ఆలోచన మంచిదే, మీ అప్లికేషన్ చెడిపోదు. కానీ బయటికి కనిపించే నంబర్ పాతదే. దాంతో సెక్యూరిటీ స్కానర్లు కొన్ని ఆ నంబర్ చూసి ఎర్ర జెండా ఎగరేస్తాయి.

2024 జూలై 1న ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లో "రెగ్రెషన్" పేరుతో పెద్ద లోపం బయటికొచ్చింది. రెడ్ హ్యాట్ 9కి ఆ ప్రమాదం ఉంది. అంతకంటే పాతదైన 8కి లేదు, ఎందుకంటే తప్పు తర్వాతి కోడ్‌లో దూరింది. అంటే పాతదానికి ఏం కాలేదు, కొత్తదానికే రిపేరు కావాలి! ఇది మేనేజర్‌కి వివరించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒక్కో సర్వర్‌కి ప్యాకేజీ చేంజ్‌లాగ్ తీసి, లోపం నంబర్ వెతికి, ఎక్సెల్ షీట్‌లో పెట్టి పంపించా. ఇంజనీర్ చేయాల్సిన పనేనా ఇది? "ఫలానా లోపానికి ఈ మెషీన్ సేఫా కాదా" అంటే అవును, కాదు అని తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఒక్క పేజీలో జవాబు రావాలి. లోపల డేటా అంతా ఉంది. చదవగలిగే రూపంలో లేదు.

3. "పర్మిషన్ డినైడ్" అంటే సరిపోతుందా?

మామయ్య షాపులో మొదటిరోజే వెబ్ సర్వర్ డేటాబేస్‌తో మాట్లాడనంది. లాగ్‌లో ఒకటే మాట: పర్మిషన్ డినైడ్. ఫైల్ పర్మిషన్లు చూశా, యూజర్లు చూశా, ఫైర్‌వాల్ చూశా. అన్నీ బానే ఉన్నాయి. సాయంత్రానికి తెలిసింది, ఆపుతున్నది ఎస్ఈలినక్స్ అని. వెబ్ సర్వర్ నెట్‌వర్క్ కనెక్షన్ పెట్టుకోవడానికి ఒక స్విచ్ ఆన్ చేయాలి. చేస్తే అయిపోయింది. కానీ నెట్‌లో నాకు దొరికిన ట్యుటోరియల్స్‌లో ఎక్కువ భాగం ఇచ్చిన మొదటి సలహా "ఎస్ఈలినక్స్ ఆపేయండి" అనే. నేనూ మూడు రోజులు ఆపేసే నడిపా. సిగ్గుగానే ఒప్పుకుంటున్నా.

ఇక్కడ మీకు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఎస్ఈలినక్స్ ఉంది. 2014లో వచ్చిన లాలీపాప్ నుంచి పూర్తిగా ఆన్‌లోనే ఉంటోంది. ఎప్పుడైనా దాన్ని ఆపమని ఎవరైనా మీకు చెప్పారా? దాని పేరైనా విన్నారా? ఫోన్‌లో "ఈ యాప్ మీ కెమెరా అడుగుతోంది, ఇవ్వాలా?" అని మనిషి భాషలో అడుగుతారు. సర్వర్‌లో మాత్రం ఆడిట్ లాగ్ తవ్వుకోవాలి. "వెబ్ సర్వర్‌ని ఎస్ఈలినక్స్ ఆపింది, అనుమతించాలంటే ఈ స్విచ్" అని ఆ ఎర్రర్ పక్కనే రాస్తే సగం మెషీన్లలో ఎవరూ దాన్ని ఆపరు.

ఇలాంటిదే ఇంకోటి. ఆడిటర్ గారి ఆఫీసు నుంచి అబ్బాయి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చాడు, బ్యాకప్ కాపీ కావాలని. పెడితే "తెలియని ఫైల్ సిస్టమ్, ఎన్‌టీఎఫ్ఎస్" అంది. విండోస్ వాడే ప్రతివాడి డిస్క్ అదే ఫార్మాట్. రెడ్ హ్యాట్ కెర్నెల్‌లో దాని డ్రైవర్ ఉండదు. ఎపెల్ అనే అదనపు రిపోజిటరీ నుంచి వేరే ప్యాకేజీ దించుకోవాలి. డేటా సెంటర్‌లో ఎవరూ పెన్‌డ్రైవ్ గుచ్చరు, నిజమే. నాంపల్లిలో రోజూ గుచ్చుతారు.

4. హార్డ్‌వేర్ గీత ఎక్కడ గీశారో ముందే చెప్పండి

2025 మేలో రెడ్ హ్యాట్ 10 వచ్చింది. ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో అది నడవాలంటే ప్రాసెసర్ ఎక్స్86-64 వీ3 స్థాయిలో ఉండాలి. సులువుగా చెప్పాలంటే, ఇంటెల్‌లో 2013లో వచ్చిన హాస్వెల్ కోర్ ప్రాసెసర్లు, ఆ తర్వాతివి. పన్నెండేళ్ళు అంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కిటుకేంటంటే, 2013 తర్వాత అమ్మిన పెంటియం, సెలెరాన్‌లలో కూడా చాలావాటికి ఆ ఏవీఎక్స్2 సౌకర్యం లేదు. చిన్న షాపుల్లో ఉండేవి ఎక్కువగా అవే. డబ్బాలో కంప్యూటర్ కొత్తగానే కనిపిస్తుంది, ఓఎస్ మాత్రం ఎక్కదు.

ఇక్కడ ఆల్మా వాళ్ళని మెచ్చుకోవాలి. ఆల్మా 10ని పాత వీ2 ప్రాసెసర్లకి కూడా వేరే బిల్డ్‌గా ఇస్తున్నారు. డబ్బు తీసుకునే కంపెనీ వదిలేసిన మెషీన్లని, ఉచితంగా ఇచ్చే ఫౌండేషన్ పట్టించుకుంటోంది. కనీసం ఇన్‌స్టాల్ చేసేముందు "మీ మెషీన్‌కి తర్వాతి వెర్షన్ రాదు" అని చెప్పే చిన్న టెస్ట్ అయినా పెట్టండి. ఫోన్ కొనేటప్పుడు మనకి తెలుస్తుంది కదా, ఆఖరి ఆండ్రాయిడ్ ఏదో.

5. అప్‌గ్రేడ్ అంటే భయం పోవాలి

ఫోన్‌లో అప్‌డేట్ ఎలా వస్తుంది? మనం వాడుకుంటుండగానే వెనకాల రెండో భాగంలో కొత్త సిస్టమ్ ఎక్కుతుంది, రీస్టార్ట్ చేస్తే మారిపోతుంది. ఏదైనా తేడా కొడితే పాతదానికి తిరిగొచ్చేస్తుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి ఉన్న పద్ధతి ఇది. సర్వర్‌లో 8 నుంచి 9కి వెళ్ళాలంటే లీప్ లేదా ఆల్మా వాళ్ళ ఎలివేట్ వాడాలి. పనిచేస్తాయి, కాదనను. కానీ బయటి రిపోజిటరీల నుంచి పెట్టుకున్న ప్యాకేజీలు ఉంటే అక్కడే తంటా. అందుకే చాలామంది అప్‌గ్రేడ్ చేయరు. ఆగిపోతారు.

ఆగిపోతే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో చూశాం. వీఎస్ కోడ్ కొత్త వెర్షన్ వచ్చింది, పొద్దున్నే ఆఫీసుకెళ్ళి సెంటోస్ 7 సర్వర్‌కి కనెక్ట్ అవ్వబోతే అవ్వలేదు. దానికి జీలిబ్‌సీ 2.28 కావాలి, సెంటోస్ 7లో ఉన్నది 2.17. డెవలపర్లు గోల పెడితే మైక్రోసాఫ్ట్ పన్నెండు నెలలు టైమిచ్చింది. ఓఎస్ మనకోసం ఆగినా, చుట్టూ ఉన్న లోకం ఆగదు.

మంచి వార్త ఏంటంటే, రెడ్ హ్యాట్ 10తో ఇమేజ్ మోడ్ అని ఒకటి ఇస్తున్నారు. మొత్తం సిస్టమ్‌ని ఒకే ఇమేజ్‌గా మార్చి, నచ్చకపోతే వెనక్కి వెళ్ళే పద్ధతి. ఫోన్‌లో మనకి అలవాటైనదే. ఇది కంటెయినర్లు తెలిసిన వాళ్ళకే పరిమితం కాకుండా, రెండు బటన్లతో నడిచేలా రావాలి.

మరి చిన్నవాళ్ళు ఏం చేయాలి?

డబ్బు కట్టొచ్చు కదా అంటారు. నిజమే, రెడ్ హ్యాట్ ఇంజనీర్లకి కూడా జీతాలు కావాలి. 2021 ఫిబ్రవరి నుంచి వ్యక్తులు 16 మెషీన్ల దాకా ఉచితంగా వాడుకునే సబ్‌స్క్రిప్షన్ ఇస్తున్నారు. కానీ అది వ్యక్తి పేరు మీద. ఏటా రెన్యూ చేసుకోవాలి. షాపు పేరు మీద, రూపాయల్లో, జీఎస్టీ బిల్లుతో, ఒక్క సర్వర్‌కి నెలకి ఒక ఇంటర్నెట్ ప్లాన్ అంత ధర పెడితే మా మామయ్య కడతాడు. ఆయన పిసినారి కాదు, ప్రతి పైసాకి లెక్క అడుగుతాడు అంతే. ఉబుంటు ప్రో వ్యక్తిగతంగా ఐదు మెషీన్ల దాకా ఉచితం. అది కూడా చూడొచ్చు.

2023 జూన్‌లో ఇంకో దెబ్బ. రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ సోర్స్ కోడ్‌ని బయట అందరికీ పెట్టడం ఆపేసింది. కస్టమర్లకి ఇస్తాం, మిగతావాళ్ళకి స్ట్రీమ్ ఉంది అంది. అప్పటికి మామయ్య మెషీన్‌ని ఆల్మా 8కి మార్చి రెండేళ్ళు కావొస్తోంది. "ఇది గూడ బందైతదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆల్మా వాళ్ళు అచ్చు కాపీ అనే లక్ష్యం వదిలేసి, రెడ్ హ్యాట్ మీద నడిచే అప్లికేషన్లు తమ దాంట్లోనూ నడిచేలా చూస్తామని దారి మార్చుకున్నారు. రాకీ వాళ్ళు వేరే దారుల్లో సోర్స్ తెచ్చుకుంటున్నారు. రెండూ బతికే ఉన్నాయి.

చివరగా నా కోరికల లిస్ట్

ఒకటి, ఇచ్చిన తేదీ పెంచండి గానీ మధ్యలో తగ్గించకండి. రెండు, ఆ తేదీని లాగిన్ స్క్రీన్ మీద చూపించండి. మూడు, "సేఫా కాదా" అన్నదానికి ఒక్క పేజీ జవాబు ఇవ్వండి. నాలుగు, ఎర్రర్ వస్తే కారణం, పరిష్కారం అక్కడే రాయండి. ఐదు, తర్వాతి వెర్షన్‌కి మెషీన్ పనికొస్తుందో లేదో ముందే చెప్పండి. ఆరు, అప్‌గ్రేడ్ తిరగబడితే వెనక్కి వచ్చే దారి ఉంచండి. ఏడు, చిన్న షాపుకి సరిపోయే ధర పెట్టండి. వీటిలో రాకెట్ సైన్స్ ఒక్కటీ లేదు. సగం మన ఫోన్లలో ఇప్పటికే ఉన్నాయి.

మీరు కొత్తగా సర్వర్ పెడుతుంటే ఈరోజు నా సలహా: ప్రాసెసర్ వీ3 అయితే ఆల్మా లేదా రాకీ 10 వేసుకోండి. పాత పెంటియం అయితే 9 వేసుకోండి, 2032 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉంటాయి. ఇంకా సెంటోస్ 7 మీద ఉంటే ఈ ఆదివారమే బ్యాకప్ తీసి మార్చే పని మొదలుపెట్టండి.

మామయ్య మెషీన్ ఇప్పటికీ మెట్ల కిందే ఉంది. ఆల్మా 8 మీద నడుస్తోంది, 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. అంటే నేను చెప్పిన ఏడాదే నిలబడింది, నిలబెట్టింది మాత్రం మాటిచ్చిన వాళ్ళు కాదు. పోయినసారి వెళ్ళినప్పుడు షాపులోంచే ఒక స్టిక్కర్ తీసుకుని, "2028 చివర్లో మార్చాలి" అని మార్కర్‌తో రాసి క్యాబినెట్ మీద అంటించా. మామయ్య చదివి, కింద తన పెన్నుతో నా ఫోన్ నంబర్ రాసుకున్నాడు.